పాత సీఐ (పోత ఇనుము) పైపుకి కొత్త పీవీసీ ఎలా కలిపానంటే

మా ఇంటి వెనక గోడకి బాత్రూం నీళ్లు దిగే పైపు పాతకాలపు సీఐది, నాలుగంగుళాలది. కింద మూరెడు మేర తుప్పు తినేసి, వేలు పెడితే పొరలు పొరలుగా రాలేది. పైభాగం గట్టిగానే ఉంది కాబట్టి పాడైన ముక్క వరకే కోసి 110 ఎంఎం పీవీసీ వేద్దామనుకున్నా.

"సాకెట్లో దూర్చి సిమెంటు పూసేద్దాం సార్" అన్నాడు ప్లంబరు. వద్దన్నాను. వేడికి పీవీసీ ఇనుము కన్నా ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది, గట్టి సిమెంటు జాయింటు ఎన్నాళ్లు ఆగుతుంది? పీవీసీ గమ్ము ఇనుముకి అసలు పట్టదు. అందుకే స్టీలు క్లాంపులున్న రబ్బరు కప్లింగ్, అంటే రెండు పైపుల కొసల మీద తొడిగే రబ్బరు గొట్టం, తెప్పించాం. బయటి కొలత రెండు పైపులకీ తీసుకుని మరీ కొనండి.

కోసే ముందు పై పైపుని గోడకి క్లాంపులతో బిగించాం. సీఐ బరువు మామూలుది కాదు, జారితే కాలు నుజ్జే. గ్రైండర్‌తో తిన్నగా కోసి, అంచు నుంచి జానెడు మేర వైరు బ్రష్‌తో తోమాం. అసలు పనంతా ఇక్కడే ఉంది. పాత పెయింటు పెచ్చు ఒక్కటి మిగిలినా రబ్బరు కింద నీటికి దారి దొరుకుతుంది. చేత్తో తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. తర్వాత కప్లింగ్ తొడిగి, దాని క్లాంపుల స్క్రూలు రెండువైపులా కొంచెం కొంచెంగా బిగించాం.

పైనుంచి బకెట్లతో నీళ్లు కుమ్మరించి, జాయింటుకి పాత పేపరు చుట్టి చూశాం. చిన్న మరక కూడా పడలేదు. ఎండ తగిలే గోడ కదా, పీవీసీకి పెయింటు ఇంకా వేయించాలి.