ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌లో ఛార్జి ఎక్కడ ఖర్చుపెట్టాలి?

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారున్నవాళ్లు (అంటే పెట్రోలు ఇంజిన్‌తో పాటు ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసే బ్యాటరీ, మోటారు ఉన్న కారు) ఛార్జిని హైదరాబాద్ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద తగలేయకండి. వేగం గంటకు 80 కిలోమీటర్ల నుంచి 100కి పెరిగితే గాలి ఎదురుతోపు దాదాపు 56 శాతం పెరుగుతుంది. అక్కడ బ్యాటరీ హోల్డ్ మోడ్ (ఛార్జి తగ్గకుండా దాచే మోడ్) పెట్టి ఇంజిన్‌తో నడపండి. ఛార్జిని మెహదీపట్నం, అమీర్‌పేట లాంటి ట్రాఫిక్‌కి దాచుకోండి.

రేంజ్‌లో, అంటే ఛార్జి మీద ఎంత దూరం నడుస్తుందన్న దాంట్లో, అసలు తేడా మీ కాలి దగ్గరే ఉంది. ఎర్ర సిగ్నల్ దూరంగా కనబడగానే యాక్సిలరేటర్ వదిలేసి, ముందునుంచే మెల్లగా బ్రేక్ వేయండి. మోటారే జనరేటరై కొంత ఛార్జి వెనక్కిస్తుంది. చివరి క్షణంలో గట్టిగా తొక్కితే మామూలు బ్రేకులు పట్టుకుని ఆ శక్తి వేడిగా పోతుంది. బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఈ రీజెన్ (ఛార్జి వెనక్కి రావడం) బాగా తగ్గుతుంది, అది రిపేరు కాదు. యాక్సిలరేటర్ ఒక్కసారిగా అదిమితే చాలా మోడళ్లలో ఇంజిన్ ఆన్ అవుతుంది, చల్లటి ఇంజిన్ పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

మే ఎండల్లో ఏసీ గంటకు ఒకటిన్నర యూనిట్ లాగిందనుకోండి. 15 యూనిట్లకు 100 కిలోమీటర్లు నడిచే కారుకి 10 కిలోమీటర్లు పోయినట్టే! ఆ సౌకర్యం ఉంటే, ప్లగ్ తీయకముందే 10 నిమిషాలు కారు చల్లబరచండి. టైర్లలో గాలి డోర్ స్టిక్కర్ మీదున్నంత ఉండాలి, పొద్దున్నే చూడండి.