మన గీజరు, మన చేతి పని – 4వ పాఠం: కాయిల్ నిజంగా పోయిందా?

పోయిన పాఠంలో గీజరు కింది మూత విప్పి లోపల ఏది ఏమిటో గుర్తుపట్టాం. అప్పుడు వైర్ల ఫొటో తీసి పెట్టుకోమన్నాను. తీయనివాళ్లు ఇప్పుడైనా తీయండి. ఈరోజు ఒక్కొక్క వైరూ ఊడదీయబోతున్నాం.

ధనుర్మాసం తెల్లవారుజామున కుళాయి తిప్పితే చన్నీళ్లే వస్తాయి. మెకానిక్కుకు ఫోన్ చేస్తే చూడకుండానే "కాయిల్ పోయుంటది సార్" అంటాడు. ఒక్కోసారి నిజమే అవుతుంది. కానీ చాలాసార్లు తప్పు వేరేచోట ఉంటుంది. నా మొదటి గీజరుకు నేనూ ఆ మాట నమ్మి కొత్త కాయిల్ కొనుక్కొచ్చాను. పాతది తీసి కొలిచి చూస్తే నిక్షేపంగా ఉంది. పడిపోయింది కటౌట్ మీట ఒక్కటే, అంటే వేడి మితిమీరితే కరెంటు ఆపేది. ఆ కాయిల్ ఇంకా అటక మీదే ఉంది. అందుకే ఈ పాఠంలో నేర్చుకునేది కొనేముందు కొలవడం.

ముందు కరెంటు సంగతి. స్విచ్ ఆపితే సరిపోదు. పాత ఇళ్లలో స్విచ్‌ను ఫేజ్ మీద కాకుండా న్యూట్రల్ మీద పెట్టిన వైరింగు ఇప్పటికీ కనబడుతుంది. అలాంటి చోట స్విచ్ ఆపినా కాయిల్ కొసల దాకా ఫేజ్ ఉంటుంది. కాబట్టి ఎంసీబీ దించండి, ప్లగ్గు పీకండి, ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూడండి. ఆ టెస్టర్ పనిచేస్తుందో లేదో ముందు వేరే ప్లగ్గులో చూసుకోండి. పాడైన టెస్టర్ కూడా వెలగదు మరి.

ప్లగ్గు పీకారు కదా, దాని పిన్నులు చూడండి. నల్లబడ్డాయా, ప్లాస్టిక్ మెత్తబడి వంగిందా? 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. లూజుగా ఉన్న చోట అంత కరెంటు పారితే అక్కడే పొయ్యి పెట్టినట్టు. కాలిన వాసన వస్తే మిగతా పాఠం తర్వాత చదవండి, ముందు 16 ఆంపియర్ల ప్లగ్గూ సాకెట్టూ మార్చండి.

ఇప్పుడు మల్టీమీటర్. 200 ఓమ్‌ల దగ్గర పెట్టి రెండు పుల్లలూ ఒకదానికొకటి ఆనించండి. సున్నాకు దగ్గరగా చూపాలి. కాయిల్ కొసల్లో కనీసం ఒక వైరైనా ఊడదీయండి, లేకపోతే ఇండికేటర్ బల్బు దారిలాంటివి కలిసి లెక్క తప్పుతుంది. రెండు కొసలకూ పుల్లలు ఆనించండి. ఎంత రావాలో చిన్న లెక్క ఉంది: 230ని 230తో గుణించి వాట్లతో భాగించండి. 2000 వాట్లకు 26 ఓమ్‌లు, 3000 వాట్లకు 17 లేదా 18. ఒకటి అరా అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. మీటర్ మీద ఎడమవైపు 1 అని ఒక్కటే నిలబడినా, ఓఎల్ అని వచ్చినా లోపల తీగ తెగింది. అప్పుడు మెకానిక్ మాటే నిజం.

ఇంకొక్క కొలత ఉంది, దీన్ని వదలకండి. మీటర్‌ను మెగా ఓమ్‌లకు తిప్పి, ఒక పుల్ల కాయిల్ కొసకు, ఇంకోటి ట్యాంకు లోహానికి ఆనించండి. ఇక్కడ ఓఎల్ రావాలి. ఏదైనా అంకె కనబడితే కాయిల్ గొట్టం పగిలి నీళ్లు తీగ చుట్టూ కరెంటు బయటికి రాకుండా నింపిన పొడిలోకి దిగాయన్నమాట. ఈ గీజరు నీళ్లు వేడి చేస్తూనే షాక్ కొట్టగలదు. ఆన్ చేయగానే ఆర్సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపే బ్రేకర్, పడిపోతోందంటే చాలావరకు ఇదే కారణం. ఆర్సీసీబీని తీసేసి "ఇప్పుడు బాగానే ఉంది" అనేవాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. మామూలు మీటర్‌లో ఉండేది చిన్న బ్యాటరీ కాబట్టి సన్నటి లీకు దానికి దొరకకపోవచ్చు. అనుమానం ఉంటే మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో లీకు కొలిచే మీటర్) ఉన్న ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి.

కాయిల్ బాగానే ఉందా? అయితే కటౌట్. దాని మధ్యలో చిన్న మీట ఉంటుంది, ఎక్కువగా ఎర్రది. నొక్కితే "టిక్"మంటే అది పడిపోయి ఉంది, ఇప్పుడు లేచింది. చాలామంది సంబరపడి ఇక్కడే మూత బిగించేస్తారు. నేనూ బిగించాను, నాలుగో రోజు మళ్లీ చన్నీళ్లు. కటౌట్ ఊరికే పడదు. నీళ్లు కాగగానే కరెంటు ఆపాల్సిన థర్మోస్టాట్ ఆపకపోతేనో, కాయిల్‌కు పాచి (నీళ్లలోని ఉప్పులు గట్టిపడ్డ తెల్లటి పెంకు) కట్టి ఆ చుట్టుపక్కల వేడి మితిమీరితేనో పడుతుంది.

థర్మోస్టాట్‌ను పరీక్షించడానికి ఒక గ్లాసు చాలు. దాని పొడవాటి కాడను గొట్టంలోంచి మెల్లగా బయటికి లాగండి. మీటర్‌ను బీప్ గుర్తు దగ్గరికి తిప్పండి. చల్లగా ఉన్నప్పుడు రెండు కొసల మధ్య దారి ఉండాలి, మీటర్ బీప్ మనాలి. ఇప్పుడు గ్లాసులో అప్పుడే మరిగిన నీళ్లు పోసి కాడ మాత్రమే ముంచండి, కొసలు తడవకూడదు. కాసేపట్లో టిక్ మని బీప్ ఆగిపోవాలి. ఆగకపోతే అతుక్కుపోయినట్టే. మార్చండి. మొదట్లోనే, చల్లగా ఉండగానే బీప్ రాకపోయినా మార్చాల్సిందే.

అన్నీ బాగున్నా నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయంటే వోల్టేజీ చూడండి. 15 లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 దాకా కాచడానికి 2 కిలోవాట్ల కాయిల్‌కు 18 నిమిషాలు పడుతుంది. వోల్టేజీ 180కి పడిపోతే అదే పనికి అరగంట. గీజరు తప్పేమీ లేదు.

ఇక పాచి. బోరు నీళ్ల ఇళ్లలో అసలు శత్రువు ఇదే. తాగే నీటికి మన ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దిక్కు లేకపోతే 600 దాకా. మన బోర్లు చాలా చోట్ల ఆ పై అంకె వైపే ఉంటాయి. పాచి కడితే కరెంటు తక్కువ లాగుతుందని కొందరంటారు, అది నిజం కాదు. లాగేది అంతే. కానీ వేడి నీళ్లలోకి త్వరగా దిగదు, కాయిల్ తనలో తాను మగ్గిపోతుంది, ఒకరోజు పగులుతుంది.

కాయిల్ తీయాలంటే ముందు ట్యాంకు చల్లారనివ్వండి. చన్నీళ్ల వాల్వ్ కట్టి, వేడినీళ్ల కుళాయి తెరిచి, కింద చన్నీళ్ల పైపు విప్పితే నీళ్లు దిగిపోతాయి. అయినా ఫ్లాంజ్ (కాయిల్‌ను ట్యాంకుకు బిగించిన బిళ్ల) బోల్టులు విప్పేటప్పుడు కింద బకెట్ పెట్టండి, అడుగున కొంచెం మిగిలే ఉంటాయి. కాయిల్‌తో పాటు తెల్లటి పెంకులు గుప్పెడు రాలతాయి, భయపడకండి. కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు నాలుగైదు చెంచాలు లీటరు గోరువెచ్చటి నీళ్లలో కలిపి, కొసలు తడవకుండా కాయిల్‌ను ముంచండి. బుస్సుమని నురుగు వస్తుంది. నురుగు ఆగాక పాత టూత్‌బ్రష్‌తో తోమండి. కత్తితో గీకొద్దు. బాత్రూం కడిగే యాసిడ్ అసలే వద్దు, పాచితో పాటు లోహాన్నీ తింటుంది.

తీసిన చోటే మెగ్నీషియం రాడ్డు కూడా కనబడుతుంది. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోవడమే దాని పని. సగానికి పైగా అరిగి లోపలి ఇనప తీగ తేలితే కొత్తది వేయండి. ఫ్లాంజ్ కింద నీళ్లు కారకుండా వేసే గాస్కెట్ ఎలాగూ కొత్తదే. బోల్టులు కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి.

తర్వాత అందరూ చేసే తప్పు ఒకటుంది: బిగించగానే స్విచ్ వేయడం. ముందు వాల్వ్ తెరవండి, వేడినీళ్ల కుళాయి తిప్పి ఉంచండి. గాలి బుసబుసలాడి, ఆగి, ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి. ఖాళీ ట్యాంకులో కొత్త కాయిల్ కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఫ్లాంజ్ చుట్టూ పొడి గుడ్డతో తుడిచి, పది నిమిషాల తర్వాత మళ్లీ తుడవండి. తడి తగలకపోతే మూత బిగించి ఎంసీబీ ఎత్తండి.

ఈ వారం పని: మీ కాయిల్ ఓమ్‌లు, ఇవాళ్టి తేదీ మూత లోపలి వైపు మార్కర్‌తో రాయండి. ఈలోగా సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతుంటే దానికి బిరడా కొట్టకండి. 15 లీటర్లు కాగితే దాదాపు 200 మిల్లీలీటర్లు ఉబ్బుతాయి, వెనక్కి పోనివ్వని వాల్వ్ ఉంటే ఆ నీళ్లకు బయటికి దారి అదొక్కటే. ఏ చుక్క మామూలు, ఏది ప్రమాదం అన్నది 5వ పాఠంలో.