ఇంట్లో నెట్ సమస్యకు ఆన్‌లైన్‌లో సరైన చోట సాయం అడగడం ఎలా?

"వైఫై స్లోగా ఉంది, ఏం చేయాలి?" అని ఎక్కడ అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది. రూటర్ ఆపి ఆన్ చేయండి, తగ్గకపోతే కొత్తది కొనండి. ఆ ప్రశ్న చూసి అంతకుమించి ఎవరూ చెప్పలేరు. ఫైబర్ లైన్‌లో తేడా, రూటర్‌లో తేడా, గోడలు సిగ్నల్‌ను మింగేయడం వేర్వేరు సమస్యలు. ఒక్కోదానికి సాయం దొరికే చోటు ఒక్కోటి.

1. ముందు తేడా ఎక్కడుందో తేల్చుకోండి

ఫైబర్ డబ్బా మీద ఎల్‌ఓఎస్ (LOS) అని రాసున్న లైటు ఎర్రగా ఉంటే మీ డబ్బాకు సిగ్నలే అందట్లేదు. ఇంట్లో ఆ సన్న తీగ ఎక్కడైనా మడత పడిందేమో చూసి, లేకపోతే నెట్ కంపెనీకి ఫోన్ చేసి కంప్లైంట్ నంబర్ తీసుకోండి. దీనికి ఏ గ్రూపూ అక్కర్లేదు.

లైట్లన్నీ మామూలుగా ఉంటే లాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో రూటర్‌కు కలిపి స్పీడ్ టెస్ట్ చేయండి. కేబుల్‌తో ప్లాన్‌లో చెప్పినంతా వచ్చి బెడ్‌రూమ్‌లో మాత్రం పడిపోతుంటే అది వైఫై గొడవ. 300 ఎంబీపీఎస్ ప్లాన్ ఉండి, కేబుల్‌తో ఎప్పుడు చూసినా 94 దగ్గరే ఆగిపోతుంటే లైన్‌ను తిట్టకండి. చాలావరకు 100 ఎంబీపీఎస్ దాటని పోర్టో (కేబుల్ గుచ్చే చోటు), లోపలి తీగల్లో ఒక జత తెగిన కేబులో కారణం.

2. సమస్యను బట్టి చోటు ఎంచుకోండి

గదుల్లో సిగ్నల్, మెష్ (ఇల్లంతా సిగ్నల్ అందేలా కలిసి పనిచేసే వైఫై డబ్బాల సెట్), కేబుల్ లాగడం లాంటివాటికి రెడ్డిట్ అనే చర్చల సైట్‌లోని హోమ్‌నెట్‌వర్కింగ్ గ్రూపు చురుకైన చోటు. కాకపోతే అక్కడ అమెరికా వాళ్లు ఎక్కువ. వాళ్ల ఇళ్లలో లోపలి గోడలు సాధారణంగా జిప్సం బోర్డువి. మన ఇటుక, కాంక్రీటు గోడలు రెండు దాటేసరికి వైఫైలో వేగమైన 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసపడుతుంది. మోకా అడాప్టర్ (టీవీ కేబుల్ మీదుగా నెట్ పంపే డబ్బా) పెట్టమని కూడా చెబుతుంటారు. దానికి గది గదికీ టీవీ కోయాక్స్ కేబుల్ ఉండాలి, మన ఇళ్లలో అది అరుదు. అందుకే ఇండియా, ఇటుక గోడలు అని మొదటి వాక్యంలోనే రాసేయండి.

రూటర్ సెట్టింగుల చిక్కయితే ఆ కంపెనీ సొంత కమ్యూనిటీకి వెళ్లండి. టీపీ-లింక్ లాంటివాటికి ఉన్నాయి. రూటర్‌లో కంపెనీ సాఫ్ట్‌వేర్ బదులు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకున్నవాళ్లకు దాని ఫోరమే దిక్కు. రెండు చోట్లా మోడల్ పేరొక్కటే చాలదు, అడుగున స్టిక్కర్ మీదుండే హార్డ్‌వేర్ వెర్షన్ కూడా చెప్పాలి. ఒకే మోడల్‌లో వెర్షన్ మారితే లోపలి చిప్ కూడా మారవచ్చు.

బయటి నుంచి ఇంటి కెమెరా చూడాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ను కెమెరాకు మళ్లించే సెట్టింగ్) చేసినా పనిచేయట్లేదా? రూటర్‌లో వాన్ (WAN) అడ్రస్, అంటే నెట్ కంపెనీ మీ రూటర్‌కు ఇచ్చిన ఐపీ అడ్రస్, చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే అడ్రస్‌ను) చాలామందికి పంచుతోందన్నమాట. రూటర్ నిపుణులు ఎంతమంది కూర్చున్నా దీన్ని సరిచేయలేరు. మీకు మాత్రమే ఉండే, మారని స్టాటిక్ ఐపీ ఇస్తారేమో ఆ నెట్ కంపెనీనే అడగాలి.

ఇక నెట్ పూర్తిగా పోయినప్పుడు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపును మించింది లేదు. పక్క ఫ్లాట్‌కు వస్తోందో లేదో నిమిషంలో తెలుస్తుంది.

3. చేరే ముందు పాత చర్చలు చదవండి

మీ మోడల్ నంబర్ కొట్టి వెతకండి. జవాబులిచ్చేవాళ్లు ముందు ఎదురు ప్రశ్నలు వేస్తున్నారా, లేక రాగానే కొనమని లింకు పెడుతున్నారా చూడండి. నేనైతే మొదటి రకం ఉన్నచోటే అడుగుతాను.

4. ప్రశ్నలో కొలతలు పెట్టండి

ఇలా రాస్తే చాలు: "300 ఎంబీపీఎస్ ఫైబర్, ఆర్చర్ సీ6 రూటర్. కేబుల్‌తో 290, హాల్లో వైఫైతో 240, రెండు ఇటుక గోడల అవతల బెడ్‌రూమ్‌లో 12. పొద్దున, రాత్రి ఒకేలా ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో 1, 6, 11 ఛానళ్లు మార్చి చూశాను. సొంత ఇల్లే, కేబుల్ లాగొచ్చు." ఆ చివరి మాటే జవాబును మార్చేస్తుంది. కేబుల్ లాగే వీలుంటే ఖరీదైన మెష్ బదులు బెడ్‌రూమ్‌లో ఒక యాక్సెస్ పాయింట్ (కేబుల్‌తో వచ్చిన నెట్‌ను ఆ గదిలో వైఫైగా ఇచ్చే డబ్బా) పెట్టుకుంటే పనైపోతుంది.

5. స్క్రీన్‌షాట్‌లో దాచాల్సినవి దాచండి

పబ్లిక్ ఐపీ, సీరియల్ నంబర్, పీపీపీఓఈ యూజర్‌నేమ్ (నెట్ కంపెనీ ఇచ్చిన లాగిన్ పేరు), వైఫై పాస్‌వర్డ్ చెరిపేసి పెట్టండి. పోస్ట్ వేశాక ఎవరైనా విడిగా మెసేజ్ పెట్టి, ఎనీడెస్క్ (మీ కంప్యూటర్‌ను దూరం నుంచి వేరేవాళ్లు నడిపే యాప్) వేసుకోండి నేను చూస్తాను అంటే ఒప్పుకోకండి. సాయం చేసేవాళ్లు అందరి ముందే జవాబిస్తారు. ఆ మెసేజ్‌ను మోడరేటర్లకు రిపోర్ట్ కొట్టండి.