మావాడు నోరు తెరిస్తే గేమ్ మూగబోయేది
వాయిస్ చాట్‌లో ఎవరు మాట్లాడినా గేమ్ సౌండ్ ఒక్కసారిగా పడిపోయేది, వెనక నుంచి వచ్చేవాడి అడుగుల చప్పుడు వినపడక ఎన్నిసార్లు చచ్చానో లెక్కే లేదు. హెడ్‌సెట్ పోయిందనుకుని దాన్నే తిట్టుకున్నా, పాపం. తీరా చూస్తే విండోస్ పాత సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే ట్యాబ్ ఉంది, కాల్ నడుస్తుంటే మిగతా శబ్దాలను 80 శాతం తగ్గించమని అందులో ముందే ఎంచి ఉంటుంది. దాన్ని ‘డు నథింగ్’కి మార్చా.

అయినా కొంచెం తగ్గుతూనే ఉంది! చాట్ యాప్‌లోనూ అటెన్యుయేషన్ అని, ఎవరైనా మాట్లాడితే మిగతా శబ్దాలను ఎంత తగ్గించాలో చెప్పే ఇంకో స్లైడర్ ఉందండీ, రెండూ కలిసి గేమ్ గొంతు నొక్కేస్తున్నాయన్నమాట. దాన్ని మాత్రం సున్నా చేయకుండా 20 శాతం దగ్గర ఉంచా, పేలుళ్ల మధ్య మాటలు కూడా వినపడాలి కదా. ఇప్పుడు మావాడు “వెనకాల, వెనకాల” అని అరిచేలోపే నేను తిరిగిపోతున్నా.