కారు ఇంజిన్ పవర్ ఎలా కొలుస్తారు, ఆ అంకెని ఎలా చదవాలి

ఒక కారుకి 120 పీఎస్ (మెట్రిక్ హార్స్‌పవర్) అని రాసి ఉంటుంది, ఇంకో కారుకి 118 బీహెచ్‌పీ (బ్రేక్ హార్స్‌పవర్) అని ఉంటుంది. మొదటిదే బలమైనదని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూడండి, 118 బీహెచ్‌పీ అంటే 119.6 పీఎస్. రెండూ ఒకటే! కాబట్టి ఏ రెండు కార్లని పోల్చాలన్నా ముందు రెండు అంకెల్నీ ఒకే యూనిట్‌లోకి మార్చుకోండి. కిలోవాట్లలో ఇస్తే 1.36తో గుణిస్తే పీఎస్, 1.341తో గుణిస్తే బీహెచ్‌పీ వస్తుంది.

ఇన్ని యూనిట్లు ఎందుకంటే, 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రం ఎన్ని గుర్రాల పని చేస్తుందో కొనేవాళ్లకి చెప్పడానికి ఒక లెక్క పెట్టుకున్నాడు: నిమిషంలో 33,000 పౌండ్ల బరువుని ఒక అడుగు ఎత్తు లేపగలిగితే అది ఒక హార్స్‌పవర్. అది 745.7 వాట్లు, బీహెచ్‌పీలో వాడేది ఇదే. తర్వాత మెట్రిక్ కొలతలు వాడేవాళ్లు 75 కిలోల బరువుని సెకనులో ఒక మీటరు లేపడం అని గుండ్రంగా పెట్టుకున్నారు, అది 735.5 వాట్లు, అదే పీఎస్. తేడా ఒకటిన్నర శాతం లోపే.

అసలు అర్థం చేసుకోవాల్సింది టార్క్, అంటే తిప్పుడు బలం. టైరు నట్టు విప్పేటప్పుడు అర మీటరు పొడవున్న పానా చివర 20 కిలోల బరువు వేలాడదీశారనుకోండి, ఆ నట్టు మీద పడే తిప్పుడు బలం దాదాపు 98 న్యూటన్ మీటర్లు. ఓ మోస్తరు చిన్న పెట్రోల్ ఇంజిన్ ఇచ్చే టార్క్ 115 న్యూటన్ మీటర్ల దగ్గర ఉంటుంది, అంటే పానా మీద గట్టిగా ఒత్తే మనిషి బలానికి మరీ ఎక్కువేమీ కాదు. కానీ మనిషి ఒక్క చుట్టు తిప్పేసరికి అలిసిపోతాడు, ఇంజిన్ అదే బలంతో నిమిషానికి 4000 చుట్లు తిప్పేస్తుంది. ఆ బలాన్నీ ఆ వేగాన్నీ కలిపి చెప్పే లెక్కే పవర్.

ఫార్ములా చాలా సులువు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. టార్క్‌ని న్యూటన్ మీటర్లలో తీసుకుని ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) గుణించి 7024తో భాగిస్తే పీఎస్ వస్తుంది, 9549తో భాగిస్తే కిలోవాట్లు. ఒక పెట్రోల్ కారుకి 6000 ఆర్‌పీఎం దగ్గర 90 పీఎస్, 4000 దగ్గర 115 న్యూటన్ మీటర్లు అని ఇచ్చారనుకుందాం. 115 ఇంటూ 4000 బై 7024, అంటే 65 పీఎస్ చిల్లర. చూశారా, టార్క్ ఎక్కువగా ఉన్న చోట ఇంకా 90 రాలేదు, ఆ 90 కావాలంటే 6000 దాకా లాగాల్సిందే. ఇప్పుడు 240 న్యూటన్ మీటర్లు ఇచ్చే డీజిల్ ఇంజిన్ తీసుకోండి, 2000 ఆర్‌పీఎం దగ్గరే 68 పీఎస్ ఇస్తుంది. నిండా మనుషులతో ఎత్తు ఎక్కేటప్పుడు గేరు మార్చకుండా లాగే కారుకీ, మాటిమాటికీ గేరు తగ్గించాల్సిన కారుకీ తేడా ఇక్కడే ఉంది. అందుకే పవర్ అంకె కంటే దాని పక్కన ఉండే ఆర్‌పీఎం అంకెని నేను ముందు చూస్తాను, మీరూ అలాగే చూడండి.

ఇక కొలత. కంపెనీలు ఇంజిన్‌ని స్టాండుకి బిగించి క్రాంక్‌షాఫ్ట్‌కి, అంటే ఇంజిన్ తిప్పే ఇరుసుకి, డైనమోమీటర్ అనే కొలిచే యంత్రాన్ని తగిలిస్తాయి. థ్రాటిల్ పూర్తిగా తెరిచి, ఇంజిన్ ఒక ఆర్‌పీఎం దాటకుండా నీళ్లతోనో అయస్కాంత బలంతోనో బ్రేక్ వేసి పట్టి ఉంచుతారు. ఆ బ్రేక్‌కి ఉన్న చేయి ఒక సెన్సార్‌ని ఎంత బలంగా నొక్కుతోందో చూసి టార్క్ లెక్కిస్తారు, దాన్నుంచి పవర్. బీహెచ్‌పీలో మొదటి అక్షరం ఈ బ్రేకే, 1821లో ఫ్రాన్స్‌లో ప్రోనీ తయారుచేసిన పరికరం దీనికి ముత్తాత. ఇంజిన్‌కి ఏమేం తగిలించి కొలిచారన్నది కూడా ముఖ్యం. అమెరికాలో 1972కి ముందు ఆల్టర్నేటర్, కారు సైలెన్సర్ లాంటివి లేకుండా గ్రాస్ పవర్ చెప్పేవాళ్లు. ఆ తర్వాత అన్నీ తగిలించి కొలిచే నెట్ పవర్‌కి మారారు. పాత అమెరికన్ కార్ల అంకెలు చూసి ఇప్పటి వాటితో పోల్చకండి.

మన కారుని కొలిపించాలంటే చాసిస్ డైనో, అంటే కారు మొత్తాన్నీ ఎక్కించి కొలిచే డైనమోమీటర్. కారుని రోలర్ల మీదకి ఎక్కించి, బెల్టులతో కట్టి, ముందు పెద్ద ఫ్యాన్ పెట్టి, ఇంజిన్ వేగానికీ గేర్‌బాక్స్ బయటి వేగానికీ తేడా తక్కువగా ఉండే గేరులో, చాలా కార్లలో అది నాలుగోది, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతారు. అక్కడ వచ్చేది చక్రాల దగ్గరి పవర్. గేర్‌బాక్స్‌లో, డిఫరెన్షియల్‌లో, టైర్లలో కొంత పోతుంది కాబట్టి 10 నుంచి 20 శాతం తక్కువ కనిపిస్తే ఇంజిన్ పాడైందని టెన్షన్ పడక్కర్లేదు. వేడి గాలి పలచగా ఉంటుంది, అందుకని వాతావరణాన్ని బట్టి అంకెని సరిచేస్తారు. ఎస్‌ఏఈ అనే ఇంజినీర్ల సంఘం పెట్టిన జే1349 ప్రమాణం ప్రకారమైతే 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్‌కి. రిపోర్టులో ఏ పద్ధతిలో సరిచేశారో అడిగి తెలుసుకోండి. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) చేయించి లాభం ఎంతో చూడాలనుకుంటే ముందూ తర్వాతా అదే డైనో, అదే గేరు, టైర్లలో అదే గాలి ఉండాలి. వేరే డైనో అంకెతో పోలిస్తే ఆ లెక్క పనికిరాదు.

చేతికిచ్చిన గ్రాఫ్ నిజమైనదో కాదో పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. పవర్ హార్స్‌పవర్‌లో, టార్క్ పౌండ్-అడుగుల్లో, రెండూ ఒకే స్కేల్ మీద గీసి ఉంటే ఆ రెండు గీతలూ కచ్చితంగా 5252 ఆర్‌పీఎం దగ్గరే ఒకదాన్నొకటి దాటాలి. పీఎస్, న్యూటన్ మీటర్లు అయితే 7024 దగ్గర, ఇంజిన్ అంత వేగం దాకా వెళ్తేనే. ఇంకెక్కడైనా దాటాయంటే ఆ కాగితం వెనక్కిచ్చేసి, కారుని మళ్లీ రోలర్ల మీద నడిపించమని అడగండి.