వేట విరామంలో గాలపు దారాన్ని భద్రపరచే విధానం

ఆంధ్ర తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. గాలాలు ఇంటికి చేరేది రోహిణి కార్తె ఎండలు కాసే ఈ రోజుల్లోనే. సముద్రంలో నెలల తరబడి నలిగినా తెగని నైలాన్ దారం, రేకుల పాకలో ఊరికే పడి ఉండి, వేట మొదలైన నాడు ఒక మోస్తరు చేపకే పుటుక్కున తెగిపోతుంది. అప్పుడు చాలామంది నింద వేసేది తేమ మీద, కాని అసలు దోషం వెలుతురుదీ వేడిదీ.

నైలాన్ నీటిని పీల్చుకుంటుందన్నది నిజమే. పూర్తిగా నానితే తన బరువులో దాదాపు 9 శాతం వరకు నీటిని పట్టి ఉంచుకోగలదు, అప్పుడు దాని బలం కొంత తగ్గుతుంది కూడా; అయితే ఆరిన తరువాత ఆ బలం తిరిగి వస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల వల్ల కలిగే నష్టం అలాంటిది కాదు. అవి నైలాన్‌లోని పొడవైన అణు గొలుసులను తెంచివేస్తాయి, తెగిన గొలుసు మళ్లీ అతకదు. అందువల్ల కిటికీ పక్కన మేకుకు తగిలించిన దారం కంటే, మూత ఉన్న రేకు డబ్బాలో చీకట్లో ఉన్న పాత దారమే నమ్మదగినది.

దాచడానికి ముందు రీలు మీది దారాన్ని విప్పి మంచినీటితో కడగాలి. ఉప్పు ఎండి గరుకు పలుకులుగా మిగిలితే, దారం మళ్లీ కదిలినప్పుడల్లా దాని పైపొరను గీరుతుంది. నీడలో ఆరబెట్టి, గాలానికి దగ్గరగా ఉండే చివరి కొన్ని మీటర్లను, రాళ్లకూ పడవ అంచుకూ ఒరుసుకున్నది ఆ భాగమే కాబట్టి, మొహమాటపడకుండా కత్తిరించి పారేయాలి. మిగిలిన దారాన్ని వెడల్పాటి చుట్టకు వదులుగా చుట్టాలి. పెద్ద చేపను లాగినప్పుడు సాగిన నైలాన్, ఆ బిగువుతోనే రీలుకు చుట్టుకొని నెలలపాటు ఉండిపోతే, లోపలి పొరలు నలుగుతాయి. సన్నని చుట్టకైతే స్ప్రింగులా మెలికలు కూడా పడతాయి.

చుట్టను నల్లగుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, ఇంట్లో చల్లగా ఉండే గది మూలన, నేలకు దగ్గరగా ఉంచాలి. రేకుల కప్పు కింది అటక దీనికి ఏమాత్రం పనికిరాదు. ఇన్వర్టర్ బ్యాటరీ పక్కన అసలే వద్దు, ఎందుకంటే అందులోని ఆమ్లం నైలాన్‌ను తినేస్తుంది. బ్లీచింగ్ పొడిని కూడా దూరంగా పెట్టాలి. తేమ పీల్చే సిలికా పొట్లాలను డబ్బాలో వేయడం అతి జాగ్రత్తే అవుతుంది, బొత్తిగా పొడిబారిన నైలాన్ పెళుసెక్కుతుంది. డబ్బా రేకుదైతే ఎలుకల బెడద కూడా తప్పుతుంది.

అల్లిక దారం సంగతి కొంత వేరు. అది పాలిథిలిన్ పోగులతో చేసినది కనుక పోగు నీటిని పీల్చదు, కాని పోగుల సందుల్లో ఉప్పునీరు నిలుస్తుంది, కాబట్టి కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. పాలిథిలిన్ వేడికి నైలాన్ కంటే త్వరగా లొంగుతుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో దానిని వదిలేయడం తగదు. ఫ్లోరోకార్బన్ అనే మరో రకం ప్లాస్టిక్‌తో చేసిన దారం నీటినీ ఎండనూ చాలావరకు తట్టుకుంటుంది గనుక దానికి ఇంత శ్రమ అక్కరలేదు.

జూన్‌లో బయటికి తీసినప్పుడు మెలికలు కనిపిస్తే గంటసేపు మంచినీటిలో నానబెడితే నైలాన్ మెత్తబడుతుంది. తరువాత దూది ఉండను దారం పొడవునా జరిపి చూడాలి, దూది పోగులు పట్టుకున్న చోటల్లా గాటు ఉన్నట్లే. చివరగా ఒక మీటరు ముక్కను స్ప్రింగు త్రాసుకు కట్టి మెల్లగా లాగి, ఎన్ని కిలోల దగ్గర తెగిందో చూడాలి. ముడి దగ్గర బలం ఎలాగూ తగ్గుతుంది కాబట్టి దారం కొన్న పెట్టె మీద ముద్రించిన బలం అంకెతో కాక, అదే ముడి వేసిన కొత్త దారంతో పోల్చడమే సరైన పద్ధతి. బాగా తేడా వచ్చినా, పైపొర తెల్లబారి సుద్దలా కనిపించినా ఆ చుట్టను పక్కన పెట్టాలి. దానిని ఒడ్డున పారేస్తే తాబేళ్లూ పక్షులూ చిక్కుకుంటాయి, అందుకే జానెడు కన్నా చిన్న ముక్కలుగా కత్తిరించి చెత్తబుట్టలోనే వేయాలి.