కంట్రోల్‌లైన్ విమానానికి కొత్త ఇంజిన్, ప్రొపెల్లర్ పరీక్ష
కంట్రోల్‌లైన్ అంటే మధ్యలో నిలబడి, తీగలు పట్టుకుని గుండ్రంగా ఎగరేసే మోడల్ విమానం. 60 అడుగుల తీగలు, .35 ఘనపు అంగుళాల గ్లో ఇంజిన్ (వేడెక్కిన ప్లగ్‌తో ఇంధనం మండేది) ఉన్న స్టంట్ (విన్యాసాల) మోడల్‌కు 10×6 ప్రొపెల్లర్‌తో (10 అంగుళాల వ్యాసం, ఒక చుట్టుకు 6 అంగుళాలు ముందుకెళ్లే పిచ్) మొదలుపెట్టండి. ముందు ప్రొపెల్లర్ బ్యాలెన్స్ చూడండి. దాని రెక్కల్లో బరువెక్కువున్నదాన్ని గీకితే సరిపోతుంది. పాత తరహా ఇనుప పిస్టన్ అయితే ఇంధనంలో ఆముదం తగ్గనివ్వకండి.

నీడిల్ (ఇంధనం పాళ్లు సరిచేసే మర) తిప్పేటప్పుడు మీరు ప్రొపెల్లర్ వెనకే ఉండాలి. నేలమీద కాస్త రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా), ఫోర్‌సైకిల్ చప్పుడులోనే (రెండు చుట్లకోసారి మండే గరగర శబ్దం) వదలండి: గాల్లో ప్రొపెల్లర్‌పై భారం తగ్గి వేగం పెరుగుతుంది, మిశ్రమం లీన్ (ఇంధనం తక్కువ) అవుతుంది. ఎగరేసేముందు తీగలను విమానం బరువుకు 10 రెట్ల బలంతో లాగి చూడటం మానొద్దు.

స్టాప్‌వాచ్‌తో ఒక్కో ల్యాప్ (చుట్టు) సమయం చూడండి. 5.2 సెకన్ల దగ్గర ఉంటే బాగుంది. మరీ వేగమైతే నీడిల్ జోలికి పోకుండా 10×5 వేయండి. మామూలుగా కంటే తలకిందులుగా ఎగిరినప్పుడు ల్యాప్ వేగమైతే ఇంధన ట్యాంక్ ఎత్తు ఎక్కువైనట్టే. మిల్లీమీటరున్నర దించి మళ్లీ చూడండి. ఒక్కసారికి ఒక్క మార్పే.